బారాత్‌లో పూర్తికాని పాట

బ్యాండువాళ్ళ కష్టం ఒకటుంది, బయటివాళ్ళకు తెలియదు. ఏ పాటనూ పూర్తిగా వాయించనివ్వరు. పల్లవి అయిపోయి చరణం ఎత్తుకుంటామో లేదో, పెళ్ళికొడుకు దోస్తు ఒకడు చెయ్యి ఊపుకుంటూ ఎదురొస్తాడు. "గిది బంద్ జెయ్, ఇంకోటి కొట్టు" అంటాడు. ఇంకోటి ఎత్తుకుంటే దానికీ అదే గతి. జహీరాబాదులో స్టేషన్ నుంచి బారాత్ కదిలి పెళ్ళింటికి చేరేలోగా బోలెడు పాటలు మొదలవుతాయి, ఒక్కటీ ముగియదు.

సంగీతమంటే మాకు ప్రేమ అని అందరూ అంటారు. ఏం ప్రేమ, నా బొంద. ప్రేమ ఉంటే చివరిదాకా కూర్చోవాలి కదా. రెండు ముళ్ళు వేసి పెళ్ళికొడుకు లేచిపోతే ఊరుకుంటారా? పాటకు మాత్రం ఆ మర్యాద అక్కర్లేదు.

నా పేరు పీటర్. ఖాజా భాయ్ బ్యాండులో క్లారినెట్ వాయించేవాణ్ణి. న్యాల్‌కల్ వైపు పెళ్ళిళ్ళకు నడిచిపోయే దారిలో, నాకు నేనే ఒక వరస కట్టుకున్నాను. దానికి మాటలు లేవు. మూడు చరణాలు మాత్రం ఉన్నాయి. మొదటిది ఎవరికైనా నచ్చుతుంది. రెండోదాంట్లో కొంచెం దిగులుంటుంది. మూడోది నా ప్రాణం. మెల్లగా ఒక్కో మెట్టూ దిగి, అడుగున ఒక స్వరం మీద నిలబడిపోతుంది. ఆ మూడోది ఏ మనిషి చెవినా పడలేదు. ఇంట్లో వాయిద్దామంటే రెండో చరణం దగ్గరే పక్కింటి అనంతమ్మ గోడ మీంచి తల పెట్టేది. "పీటరూ, జర ఆపరాదు, పోరడు పండుకున్నడు" అనేది. ఆ పిల్లవాడు ఎప్పుడు చూసినా నిద్రే. ఇక మూడోదాన్ని ఊరి బయటికి పోయి, చెరుకు తోటల్లో సాధన చేసుకునేవాణ్ణి.

చైనాతో యుద్ధం జరిగిన మరుసటి ఏడు, ఒక బారాత్‌లో ఆ వరస ఎత్తుకున్నాను. రెండో చరణంలో ఉండగా ఒక కుర్రవాడు వచ్చి నా మోచెయ్యి పట్టుకుని గుంజాడు. నేను వాణ్ణి తోసేశాను. ఖాజా భాయ్ నన్ను అందరి ముందూ తిట్టాడు. ఆ సాయంత్రమే బ్యాండు కోటు విప్పి ఆయన చేతిలో పెట్టాను.

"ఒక్కడివే పోతే ఎవడు పిలుస్తడు నిన్ను?" అన్నాడు.

"పిలిచేటోడు పిలుస్తడు" అన్నాను.

మా ఆవిడ నారమ్మ అల్లం చేలల్లో కూలికి పోయేది. సంగతి చెబితే "సరే" అని రొట్టెలు కొట్టుకోవడంలో పడింది. తిట్టినా బాగుండేది. 

పిలిచారు కూడా. పసిపిల్లల తొట్టెల పండుగలకూ, మేళం పెట్టుకోలేని పేదవాళ్ళ పెళ్ళిళ్ళకూ పిలిచారు. అలా రోజులు గడుస్తుండగా నా ముందరి పన్ను కదలడం మొదలైంది. క్లారినెట్ మూతిని ఆనించుకునేది సరిగ్గా ఆ పన్ను మీదే. దవాఖానలో డాక్టరు చూసి, తీసెయ్యక తప్పదన్నాడు. తీశాక వాయించడం కష్టమని కూడా అన్నాడు. నాకు చచ్చేంత భయం వేసింది. ఆ పన్ను ఊడేలోగా నా వరసను మనుషుల ముందు చివరిదాకా వాయించాలి. నాకింకేమీ వద్దు.

అప్పుడే కోహీరు దగ్గరి పల్లె నుంచి జగ్గయ్య అనే రైతు వచ్చాడు. కూతురి పెళ్ళికి వాయించమన్నాడు.

"నాకు కూలి వద్దు. ఒక్క పాట మొదలువెడ్త, అయ్యేదాక ఎవ్వరూ ఆపొద్దు" అన్నాను.

"నీ పాట ఆపేటందుకు నేనెవణ్ణి? కొట్టుకో పో" అన్నాడు జగ్గయ్య నవ్వి.

పెళ్ళిరోజు నారమ్మ కూడా బయల్దేరింది. అంతకుముందు నా వెంట ఏ పెళ్ళికీ రాలేదు. కొంగున లవంగాలు కట్టుకుంది.

"నువ్వెందుకు?" అన్నాను.

"నొప్పికి నువ్వు కిందవడితే ఎత్తుకొచ్చేటోళ్ళు గావాలె గద" అంది.

తలంబ్రాలు అయ్యాక పందిట్లో నిలబడి అందుకున్నాను. మొదటి చరణానికి జనం ఇటు తిరిగారు. రెండోదానికి పెళ్ళికూతురి తల్లి ముక్కు చీదింది. ఒకడు "గమ్మతి పాట కొట్టరాదే" అంటూ లేస్తే, జగ్గయ్య భుజం మీది తువ్వాలతో వాడి వీపు మీద ఒకటిచ్చి కూర్చోబెట్టాడు. ఆ మనిషి మీద నాకు ప్రేమ పుట్టుకొచ్చింది. ఇక మూడోదానిలోకి దిగుతున్నాననగా, వంటల దగ్గర్నుంచి "బువ్వకు లేవున్రి" అని కేకేశారు.

అంతే, పందిరంతా లేచింది. ముందు పిల్లలు, తర్వాత ముసలివాళ్ళు పోయారు. పెళ్ళికొడుకునూ పెళ్ళికూతురినీ కూడా నడిపించుకుపోయారు. జగ్గయ్య నా వంక చూసి చేతులు జోడించి, వియ్యాలవారి వెనక పరుగెత్తాడు. ఆయన్ను ఏమని అనగలను? పొద్దున్నుంచీ అందరూ ఆకలితో ఉన్నారు.

నేను ఆపలేదు. సగం మెట్లు దిగాక నోట్లో పుటుక్కుమంది. వెచ్చగా, ఉప్పగా తగిలింది. కళ్ళు బైర్లు కమ్మాయి. పై పెదవి లోపలికి మడిచి, పన్ను ఊడినచోట దాన్నే ఆనించి ఊదాను. శబ్దం సన్నగా వచ్చింది కానీ స్వరం తప్పలేదు. అడుగు స్వరం మీద ఊపిరి అయిపోయేదాకా నిలబడి, అప్పుడు దించాను.

తలెత్తి చూస్తే పందిట్లో నారమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

గబగబా వచ్చి కొంగు చివర చింపి, ఉండ చేసి నా నోట్లో కుక్కింది. దాని మీద దవడ నొక్కిపట్టమంది. ఎలా ఉంది అని కళ్ళతోనే అడిగాను.

"అయిపోయిందా?" అంది. "ఇంక ఉన్నదనుకున్న."

నాకు ఒళ్ళు మండిపోయింది. బ్యాండు వదులుకున్నాను, పన్ను పోగొట్టుకున్నాను, విన్నది ఒక్క మనిషి. ఆ మనిషి అనే మాట అదా. జగ్గయ్య బతిమాలినా అక్కడ ఆగలేదు. జామకాయలు వేసుకుని జహీరాబాదు పోతున్న బండి దొరికితే ఎక్కాము. నేను అటువైపు తిరిగి కూర్చున్నాను.

చాలాదూరం పోయాక నారమ్మ నా భుజం తట్టింది.

"కోపానికొచ్చినవా? నువ్వు ఇంట్ల ఎప్పుడు జూసినా సగంల ఆపుతవ్. మిగిలింది ఎట్లుంటదోనని చేన్ల అల్లం తవ్వుకుంట నేనే వరస కట్టుకుంటుంటి. నా దాంట్ల గది ఆడ ఆగకపోతుండె."

ఎక్కడ ఆగదు, ఎటు పోతుంది అని అడగాలనిపించింది. ఆమె బండివాడి వీపు వంక ఒకసారి చూసి, గొంతు తగ్గించి ఎత్తుకుంది. మా పెళ్ళయినప్పటినుంచీ ఆమె పాడగా నేను వినలేదు. నేను దిగి ఆగిపోయిన స్వరం దగ్గరే మొదలుపెట్టింది. దాని మీద కాసేపు ఊగి, నాకెన్నడూ తోచని పక్కకు తిరిగి, పైకి ఎక్కసాగింది. అలా కాదు, అక్కడ ఆ స్వరం పడదు అని చెప్పబోయి చెయ్యెత్తాను. ఆమె చూడలేదు. ఇంకోసారి ఎత్తాను. అప్పటికి నేను వద్దనుకున్న చోటు దాటి ఎక్కడికో పోయింది.

నోట్లో గుడ్డ ఉంది, మధ్యలో ఆపడానికి లేదు. చివరిదాకా విన్నాను.