గండికోట దాకా

మైలవరం జలాశయం గట్టు మీద నిలబడి కిరణ్‌కుమార్ అవతలి ఒడ్డు కోసం వెతికాడు. డిసెంబరు నెల. ఇంకా ఎండ రాలేదు. నీళ్ల మీద పొగమంచు పరుచుకుని ఉంది. ఈదేవాళ్లకు దారి తెలియడానికి కట్టిన నారింజ రంగు బుడగలు అందులోంచి ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. చిట్టచివరిది ఆవగింజంత కనిపించింది. దాన్ని చుట్టి మళ్లీ ఈ గట్టుకే రావాలి. రెండు కిలోమీటర్ల ఈత. అది అయ్యాక తొంభై కిలోమీటర్లు సైకిలు తొక్కాలి. ఆ పైన ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగెత్తి గండికోట చేరాలి. అంతా ఒక్క పగటిలోనే.

"ఇన్ని నీళ్లు మన కడప పక్కనే ఉండాయా!" అంది పక్కన నిలబడ్డ భార్య హిమబిందు, జుట్టును పసుపు టోపీలోకి దోపుకుంటూ.

"శానా ఉండాయి" అన్నాడతను.

రాజంపేటలో అతనిది మోటార్లు, పైపులు అమ్మే అంగడి. రెండేళ్ల కిందట సరుకు కోసం బెంగుళూరు పోయినప్పుడు ఇలాంటిదే ఒక చిన్న పోటీ చూశాడు. చెరువులోంచి లేచి తడిబట్టలతోనే సైకిళ్లెక్కి పోతున్నవాళ్లను నోరు తెరుచుకుని చూసి, ఇంటికొచ్చి పొట్ట తడుముకున్నాడు. ఆ పిచ్చి ఇక వదల్లేదు. తిరుపతి పోయి కొలనులో ఈత నేర్చుకున్నాడు. తెల్లవారుజామున రాయచోటి రోడ్డులో సైకిలు తొక్కుతుంటే, హిమబిందు నీళ్లసీసాలతో స్కూటర్ మీద వెంట వచ్చేది. నెల తిరక్కుండానే, "కూచోని కూచోని నడుములు పోతాండాయి. నాకూ ఒక సైకిలు తీసియ్యండి, దీనికన్నా అదే మేలు" అంది. ఆమెకు ఈత ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. పుట్టిల్లు నందికొట్కూరు పక్కన పల్లె. అన్నలతో పాటు కాలవలో దూకుతూ పెరిగింది. ఇద్దరూ కలిసి బెంగుళూరులో ఒక చిన్న పోటీ పూర్తి చేశారు. ఇంత పెద్దది మాత్రం ఇద్దరికీ ఇదే మొదలు. బెంగుళూరు క్లబ్బువాళ్లు దీన్ని సీమలో పెడుతున్నారని తెలియగానే ఇద్దరి పేర్లూ ఇచ్చింది అతనే. పిల్లలను అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చారు.

విజిల్ మోగింది. గట్టు మీదున్న మంది అంతా ఒక్కసారి నీళ్లలో పడ్డారు. ఎవరి మడమో కిరణ్‌కుమార్ ముక్కుకు తగిలింది. కొలనులో అయితే అడుగున నీలం గీత ఉండేది, దాని వెంబడే పోయేవాడు. ఇక్కడ తల ముంచితే నలుపు తప్ప మరేమీ లేదు. మోచేతి అవతల తన చెయ్యే తనకు కనబడలేదు. మొదటి బుడగ దాటాడు. రెండోది దగ్గర పడుతుండగా, కింద ఎంత లోతు ఉంటుందో అనిపించింది. అనిపించాక ఇక ఆ ఆలోచన కదల్లేదు. ఊపిరికి బదులు నీళ్లు మింగాడు. దగ్గుతూ చెయ్యి పైకెత్తాడు.

కాపలా తిరుగుతున్న జాలరి మారెన్న బుట్టలాంటి తన గుండ్రటి పడవను, పుట్టిని, గిరగిరా తిప్పుకుంటూ వచ్చాడు.

"అంచు పట్టుకో అన్నా. రొంతసేపు పట్టుకోని మళ్లా ఈదు. పైకెక్కినావంటే నీ ఆట అయిపోయినట్టే, చెప్పినారు గదా."

కిరణ్‌కుమార్ పట్టుకున్నాడు. ఒకసారి కిందికి చూశాడు.

"ఎక్కించుకో" అన్నాడు.

పుట్టిలో మోకాళ్లు ముడుచుకుని కూచున్నాక సిగ్గు ముంచుకొచ్చింది. రెండేళ్ల కష్టం గంట కూడా నిలవలేదు. అప్పుడే మంచు విడిపోయి ఎండ పడింది. జలాశయమంతా ఒక్కసారిగా తెరుచుకుంది. ఆ వెలుగు మధ్యలో పసుపు టోపీ ఒకటి పోతూ ఉంది. చేతులు లేస్తున్నాయి, పడుతున్నాయి. మధ్యమధ్య తల ఎత్తి బుడగ ఎక్కడుందో చూసుకుని మళ్లీ మునుగుతోంది. తొందర లేదు, తడబాటు లేదు. అంత నీటిలో అంత చిన్న మనిషి. పన్నెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్న మనిషిని ఎప్పుడూ ఇంత దూరం నుంచి చూడలేదు.

హిమబిందు ఒడ్డుకు వచ్చి, తువ్వాలు కప్పుకుని నిలబడ్డ భర్తను చూసి ఆగిపోయింది.

"ఏమైంది మీకు?"

"ఊపిరాడలేదు. ఇడ్సిపెట్టినా. నువ్వు పో."

"మీరు లేకుండా నేనొక్కదాన్నే యాడికి పోదును?"

"నిలబడొద్దు బిందూ, టయిం పోతాండాది. నువ్వు గూడా నిలిచిపోతే నేను తల ఎత్తుకోలేను."

ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసి, సైకిలు వైపు పరుగెత్తింది.

క్లబ్బువాళ్లు అతన్ని జీపులో ముద్దనూరు దగ్గర మలుపుకు తీసుకుపోయి నీళ్లిచ్చే చోట నిలబెట్టారు. సైకిళ్లు ఆ మలుపు దాకా రెండుసార్లు వచ్చి పోవాలి. రోడ్డుకు రెండు పక్కలా నాపరాళ్ల దొంతరలు, వాటి వెనక శనగ చేలు. గాలి ఎదురు కొడుతోంది. చేలో పని ఆపుకుని వచ్చిన ఈరక్క అనే ముసలామె దొంతర మీద కూచుని పోయేవాళ్లను లెక్కపెడుతోంది.

మొదటిసారి హిమబిందు సీసా అందుకుని నవ్వి పోయింది. రెండోసారి సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. వెనక చక్రంలో గాలి లేదు.

ఇక చాలనుకుంటుందేమో అనుకున్నాడు కిరణ్‌కుమార్. ఆ అనుకోవడంలో తనకు కాస్త ఊరట ఉందని తెలిసి తనమీద తనకే అసహ్యం వేసింది. వెంటనే చక్రం దగ్గరికి ఉరికాడు. ఇన్నాళ్లూ ఇద్దరి సైకిళ్లకూ ట్యూబులు మార్చింది అతనే.

"ముట్టుకోవద్దు సార్" అన్నాడు అక్కడున్న నిర్వాహకుడు. "ఎవరిది వాళ్లే చేసుకోవాలి. ఎలా చెయ్యాలో చెప్పడం కూడా కుదరదు."

అతను చేతులు వెనక్కి కట్టుకున్నాడు. హిమబిందు రోడ్డు పక్కన చతికిలబడి చక్రం ఊడదీసింది. టైరు అంచు మొదట లొంగలేదు. చెయ్యి జారి వేలి కణుపు చీరుకుపోయింది. ఆ చేతినే టైరు లోపల చుట్టూ నిదానంగా పోనిచ్చి, తుమ్మముల్లు ఒకటి బయటికి తీసింది. వేలు చివర రక్తం. ఆమె దాన్ని నోట్లో పెట్టుకుని, కొత్త ట్యూబును మెలిక పడకుండా అమర్చి గాలి కొట్టింది. ఈలోగా ఎందరో దాటిపోయారు. ఆమె ఒక్కసారీ తలెత్తలేదు.

"ఎప్పుడు నేర్చుకున్నావు?" అనకుండా ఉండలేకపోయాడు.

"మీరు చేస్తాంటే చూస్తానే ఉన్నా గదా" అని సైకిలెక్కింది.

"ఆ పాప నీకేమైతాది నాయనా?" అని అడిగింది ఈరక్క.

"మా ఇంటామె."

"ఇంకా శానా దూరం పోవల్లనా?"

"గండికోట దాకా. ఆ కొండ మీదికి పరిగెత్తల్ల."

ముసలామె గుండెల మీద చెయ్యి వేసుకుని, దుమ్ములో చిన్నదైపోతున్న ఆ వీపును చూస్తూ ఉండిపోయింది. కిరణ్‌కుమార్ కూడా అటే చూశాడు.

సాయంత్రం గండికోటలో, పెన్న లోయ అంచున పోటీ ముగిసే చోట నిలబడ్డాడు. ఎర్రటి రాయి రెండుగా చీలి నిట్టనిలువునా కిందికి దిగిపోయింది. అడుగున నది దారంలా ఉంది. గుంపులు గుంపులుగా వచ్చినవాళ్లు కూలబడి లేస్తున్నారు. గడువు దగ్గర పడింది. బల్లలు సర్దడం కూడా మొదలైంది. చివరికి కోట వాకిలి దాటి ఒక మనిషి కనిపించింది. నాలుగడుగులు పరుగు, రెండడుగులు నడక. చెమట ఆరి ముఖం మీద ఉప్పు పేరుకుపోయింది. పెదవులు పగిలాయి. ఆమెను గుర్తుపట్టడానికి అతనికి ఒక క్షణం పట్టింది. చప్పట్లు కొట్టాలనుకున్నాడు. చేతులు లేవలేదు.

గీత దాటాక కూడా హిమబిందు ఆగలేదు. అలాగే నడుచుకుంటూ పోయి లోయ అంచున నిలబడింది. పుట్టి పెరిగింది సీమలోనే అయినా ఈ లోయను ఆమె చూడ్డం ఇదే మొదటిసారి. చాలాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా బండ మీద కూలబడింది.

కిరణ్‌కుమార్ ఆకులో బొరుగుల ఉగ్గాని తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె వంగలేకపోతుంటే, కింద కూచుని బూట్ల తాళ్లు విప్పాడు.

"ఇడ్సండి, అందరూ చూస్తాండారు."

"చూడనీ."

మేజోడు బొబ్బకు అంటుకుపోయి ఉంది. నీళ్లు పోసి, తడిపి, కొంచెం కొంచెంగా లాగాడు. ఆ పాదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని అడిగాడు:

"నీళ్లల్లో నాకోసం ఎతికినావా?"

ఆమె నములుతున్నది ఆపింది. అబద్ధం చెప్పాలని ఉన్నా చెప్పలేదు.

"లేదు. ఈదినంతసేపూ మీరు గుర్తుకే రాలేదు. పిల్లోళ్లు గూడా రాలేదు. ఎవురూ రాలేదు. నాకే వింతగా ఉండాది" అని, నొచ్చుకున్నాడేమోనని అతని వైపు చూసింది.

అతను నొచ్చుకోలేదు. "ఎట్లుండె, చెప్పు" అన్నాడు, రెండో బూటు ముడి విప్పుతూ.