పచ్చివాసన పుట్టిన పూట

ఆ శనివారం మధ్యాహ్నం కల్యాణవల్లికి జలుబుతో ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. వాసనతోనే పని పడిన రోజది.

తిరుపతిలో జీవరసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తున్న ఆమెకూ, గైడు దేవనాథన్‌కూ చాలా కాలంగా ఒకటే వాదన. ఆకు నలిపితే వచ్చే పచ్చివాసన ముందే ఆకులో దాగి ఉంటుందని ఆయన, నలిగాకే పుడుతుందని ఈమె. ఉడికించిన ఆకు నూరితే ఆ వాసన రాదని చూపిస్తే, "వేడికి ఎగిరిపోయుంటుంది" అని కొట్టిపారేశాడు.

అందుకని ఈసారి చిక్కుడాకుల్లోని కొవ్వును ఒక గాజుగొట్టంలోకీ, ఎంజైముల రసాన్ని ఇంకో గొట్టంలోకీ విడదీసింది. విడిగా ఉంటే పచ్చివాసన ఉండకూడదు. కలిస్తే పుట్టాలి. ఐసులో పెట్టినా ఎంజైములు ఎక్కువసేపు నిలవవు. దేవనాథన్ చిత్తూరు వెళ్ళాడు. లాబులో ఇంకెవరూ లేరు.

అప్పుడే నాయన శ్రీమన్నారాయణ అన్నం క్యారియరు తీసుకుని వచ్చాడు. ఆయన గుళ్ళో పూలమాలలు కట్టే కైంకర్యంలో ఉన్నాడు.

"నాయనా, ఇవి వాసన చూసి చెప్పు."

ఆయన వెనక్కి జరిగాడు. "నా ముక్కుకు అలవాటు లేదమ్మా. స్వామికి పోయే పూలు వాసన చూడకూడదని చిన్నప్పటి నుంచీ మొహం పక్కకు తిప్పుకునే కట్టినాను."

"ఇది స్వామికి కాదు, నాకు."

ఆయన మొహమాటపడుతూనే వంగాడు. "దీంట్లో కొంచెం నూనె మాదిరి ఉండాది. దీంట్లో ఏమీ లేదు."

ఆమె రెండూ కలిపి, గొట్టాన్ని ఊపి ఆయన చేతికిచ్చింది. ఆయన మళ్ళీ వంగి, చప్పున తలెత్తి కిటికీ వైపు చూశాడు.

"ఎవురన్నా గడ్డి కోస్తా ఉండారా ఆడ?"

"ఎవరూ లేరు నాయనా. అది ఈ గొట్టంలోదే."

ఈసారి ఆయన ముక్కు ఆనించి గట్టిగా పీల్చాడు. ఉడికించి పనిచేయకుండా చేసిన ఎంజైముల రసాన్ని కొవ్వుతో కలిపిన గొట్టం ఇస్తే, ఆ గడ్డివాసన లేదన్నాడు. ఆమె గొట్టాలను చీర కొంగు చాటున తారుమారు చేసి అందించింది. ఎన్నిసార్లు మార్చినా ఆయన తప్పలేదు.

"ఆకు నలిగినప్పుడు లోపలి గోడలు పగిలి, కొవ్వు ఎంజైములకు దొరుకుతుంది నాయనా. అవి దాన్ని గాలితో కలిపి, ముక్కలు చేసి, ఈ వాసన తయారుచేస్తాయి," అంది ఒక్క ఊపిరిలో.

"అంటే ఇప్పుడు పుట్టిందా ఇది? నా చేతిలోనే?"

"నీ చేతిలోనే."

సోమవారం కొత్తగా తీసిన రసంతో దేవనాథన్ స్వయంగా కలిపాడు. గొట్టం మూతి దగ్గర ముక్కు పెట్టి రెండు మూడుసార్లు పీల్చాడు. తర్వాత పక్క లాబు తలుపు తోసి, "అందరూ ఇట్రాండప్పా, నేను ఓడిపోయినాను, వచ్చి వాసన చూడండి," అని కేకేశాడు. ఆయన అంత సంతోషంగా ఓడిపోవడం కల్యాణవల్లి అంతకు ముందెప్పుడూ చూడలేదు.