పై కమ్మీ

"ఆరు వందల పద్నాలుగో నంబరు కోటు లేదు బాబాయ్. పై కమ్మీ మొత్తం రెండుసార్లు వెతికాను," అన్నాడు లాండ్రీ యజమాని చేతులు దులుపుకుంటూ.

కౌంటరుకు అవతల వయొలిన్ పెట్టె చంకలో పెట్టుకున్న మనిషి గోడ గడియారం వంకే చూస్తున్నాడు. పదకొండయింది. రెండింటికి ఆయన వేదిక ఎక్కాలి. నల్లకోటు లేకపోతే ఎక్కనివ్వరు.

"నిన్ననే ఇస్త్రీ చేసి స్టాండుకు తగిలించాను," అంది ఇస్త్రీ ఆవిడ, చేతిలో పని ఆపకుండా.

"స్టాండుకు తగిలిస్తే పై కమ్మీకి చేరాలి కదమ్మా. బాబాయ్ చెయ్యి పడ్డ బట్ట తప్పిపోవడం నేను పుట్టాక చూడలేదు."

నంబర్ల బాబాయ్ అంటారు ఆయన్ని షాపులో. ముప్ఫై ఒక్క ఏళ్లుగా చీటీ చూడకుండా బట్ట తీసిచ్చే మనిషి. కోటు ఎక్కడుందో నంబరు వినగానే ఆయనకు తెలిసిపోయింది. చిక్కల్లా అదే.

నాలుగు నెలల కిందట ఒక ఉదయం లేచేసరికి భుజాలు రెండూ బిగుసుకుపోయాయి. చెవి దాకా చెయ్యి ఎత్తితే ప్రాణం పోయినంత పనయ్యేది. చొక్కా భార్యే తొడిగేది. "పెళ్లినాడు కూడా మీకింత సేవ చెయ్యలేదు," అనేది, చేతులు మెల్లగా దూరుస్తూ. పరుపు మార్చారు. తైలం రాశారు. నేరం వయసు మీదికి తోశారు. షాపులో మాత్రం ఆయన నోరు విప్పలేదు. చెయ్యి లేవనివాడికి అక్కడేం పని? కోట్లు వేలాడాల్సింది తల మీది కమ్మీకి. ఆయన వాటిని కింది కమ్మీ చివర, ఉతుకుకు వచ్చే హోటలు పరదాల వెనక తగిలించి, నంబర్లన్నీ బుర్రలో పెట్టుకుని నెట్టుకొచ్చాడు.

చివరికి డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి తల పంకించింది. "ఒంట్లో వాపు ఉంది. అదే మీ భుజాల్ని పట్టేసిందని నా అనుమానం. కానీ ఖాయంగా తేల్చే పరీక్ష లేదు. స్టెరాయిడ్ తక్కువ మోతాదులో మొదలుపెడదాం. నాలుగైదు రోజుల్లో చేతులు లేస్తే నా అనుమానానికి బలం వస్తుంది. లేవకపోతే ఇంకోచోట వెతుకుదాం. తగ్గింది కదా అని మీ అంతట మీరు మానేస్తే మాత్రం ఊరుకోను."

"స్టెరాయిడ్లా? కండలు పెంచేవాళ్లు మింగుతారట. ఈ వయసులో మీరు ఏ పోటీకి వెళ్తారు?" అంది భార్య. అయినా రోజూ ముందు ఏదో ఒకటి తినిపించి, మాత్ర అరచేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడేది.

ఇవాళ నాలుగో మాత్ర. పొద్దున చొక్కా ఆయనే తొడుక్కున్నాడు. ఆవిడ చేతులు కట్టుకుని చూసింది. లోపలికి వెళ్లి ముక్కు చీదుకుంది.

నిన్న సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాక హోటలు వ్యాను ఒకరోజు ముందే వచ్చింది. పరదాలతో పాటు ఆ చివరనున్నవన్నీ ఊడ్చుకుపోయింది.

బాబాయ్ హోటలుకు ఫోను చేశాడు. "పరదాల్లో చూడండి. నల్లకోటు. చీటీ మీద ఆరు వందల పద్నాలుగు." ఐదు నిమిషాల్లో కోటు దొరికింది. అరగంటలో పంపిస్తామన్నారు. వయొలిన్ మనిషి బెంచీ మీద కూలబడ్డాడు.

"భలే కనిపెట్టావు బాబాయ్," అని యజమాని ఇస్త్రీ ఆవిడ వైపు తిరిగాడు. "పరదాల్లో కలిపేశావన్నమాట. మనసు ఎక్కడ పెట్టుకుని పనిచేస్తావమ్మా? రేపట్నుంచి రావద్దు."

ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "నా పని ఎలాంటిదో అన్నయ్యకి తెలుసు," అంది. బాబాయ్ వంక ఒక్కసారి చూసింది. ఏప్రన్ విప్పి, మడిచి బల్ల మీద పెట్టి, వెనక తలుపు గుండా వెళ్లిపోయింది.

ఒక్క మాట మింగేస్తే చాలు. ఇంకో వారానికి చేతులు పూర్తిగా లేస్తాయి. నాలుగు నెలల దొంగాట ఎవరికీ తెలియకుండానే మాసిపోతుంది.

బాబాయ్ ఒక ఖాళీ హ్యాంగరు తీసుకున్నాడు. చెయ్యి ఎత్తాడు. భుజం దాటింది, చెవి దాటింది. నొప్పి పళ్లు కొరికించింది గానీ ఆపలేకపోయింది. కొక్కెం పై కమ్మీకి టక్కున పడింది.

"చూశావా బాబూ? పోయినవారం ఇది నా వల్ల కాలేదు. నాలుగు నెలలుగా కాలేదు."

"ఏమంటున్నావు బాబాయ్?"

"ఆవిడ వీధి మలుపు తిరిగేలోపు వెనక్కి పిలువు. నన్ను ఉంచుకుంటావో పంపిస్తావో తర్వాత ఆలోచించుకుందువు గాని."

"పిలిచి ఏం చెప్పను?"

"కోటు పరదాల వెనక పెట్టింది నేనని చెప్పు."

బల్ల మీద ఎవరిదో తెల్లచొక్కా ఒక చెయ్యి మాత్రమే ఇస్త్రీ అయి ఉంది. పక్కన ఆవిడ నిలబెట్టి వెళ్లిన ఇస్త్రీపెట్టె ఇంకా సన్నగా ఆవిరి వదులుతోంది.