ఆరో పిడి

రూఫస్ చేతులకు బేడీలు వేస్తుంటే ఆ గదిలో నలభై మంది కూర్చుని ఉన్నారు. ఒక్కరూ నోరు మెదపలేదు. డెల్ఫీన్ కూడా మెదపలేదు.

అది పెరోల్ ఆఫీసు. శిక్ష ఇంకా మిగిలుండగా షరతుల మీద జైలు నుంచి వదిలినవాళ్ళు ప్రతి మంగళవారం పొద్దున్నే వచ్చి అధికారికి మొహం చూపించి పోవాలి. రూఫస్ గెయిన్స్‌కు అరవై రెండేళ్ళు, గుండె జబ్బు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో బాయిలర్ దగ్గర పని. ఆ పొద్దున అధికారి కెస్లర్ తలుపు దగ్గరే నిలబడి ఫోన్లో ఒక ఫోటో చూపించింది. చర్చి మెట్ల మీద శవపేటిక, దాన్ని మోస్తున్న ఆరుగురు.

"ఇది నువ్వేగా?"

"నేనే తల్లీ. లొంజో పోయాడు. జైల్లో పదకొండేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. మోయకపోతే ఎట్లా?"

"మిగతా అయిదుగురూ శిక్షపడి వచ్చినవాళ్ళే. షరతు నీకు తెలుసు."

"నాకు తెలుసు. చచ్చినవాడికేం తెలుసు?"

"వెనకాల టోపీ పెట్టుకున్న ఆ ఆడమనిషి ఎవరు?"

రూఫస్ ఫోటో వంకే చూశాడు, గదిలోకి చూడలేదు. "ఎవరో చర్చికొచ్చే ఆవిడ. నేనెరగను."

ఆ టోపీ డెల్ఫీన్‌ది. తొమ్మిదేళ్ళు జైల్లో ఉండి వచ్చింది, ఇంకా ఎనిమిదేళ్ళ పెరోల్ ఉంది. ఇంట్లో కుర్చీలోంచి లేవలేని తల్లి. ఆ రోజు చర్చిలో మోయడానికి అయిదుగురే తేలారు. ఆరోవాడు భయపడి రాలేదు. పాస్టర్ డెల్ఫీన్ వైపు చూశాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. చివరి బెంచీలో ముడుచుకుని కూర్చున్న రూఫస్ లేచి వచ్చి, "జరుగు చెల్లీ" అని పెట్టెకున్న ఆరో పిడి పట్టుకున్నాడు.

మనిషన్నాక పోయేనాడు మోయడానికి నలుగురుండాలంటారు. రూఫస్ వాళ్ళుండే నల్లవాళ్ళ పేటలో మగాళ్ళలో సగం మంది జైలు చూసొచ్చినవాళ్ళే. శిక్షపడినవాడు శిక్షపడినవాడితో కలవకూడదని షరతు. ఇక ఎవరు మోయాలి? ఆ షరతు రాసిన ఆఫీసే ఆ నలభై మందినీ వారం వారం ఒకే గదిలో కూర్చోబెడుతుంది. సిగ్గులేని చట్టానికి ఎదురూ బెదురూ ఉండదు.

రూఫస్ మొదట జైలుకు ఎట్లా పోయాడో కూడా వినండి. యాభై ఏళ్ళప్పుడు వీధి మూల నిలబడితే పోలీసులు ఆపారు. పక్కవాడు పారేసిన తుపాకీ ఇతనిదన్నారు. సర్కారు ఇచ్చిన వకీలు పది నిమిషాలు మాట్లాడాడు. ఒప్పుకుంటే పద్నాలుగేళ్ళు, విచారణకు పోతే నలభై అన్నాడు. రూఫస్ ఒప్పుకున్నాడు. మీరైతే ఏం చేసేవాళ్ళు?

పెరోల్ మీద ఉండి పట్టుబడినవాడికి జామీను లేదు. విచారణ ఎప్పుడో చెప్పరు. డెల్ఫీన్ రూఫస్ గుండె మాత్రలు పట్టుకుని నాలుగుసార్లు జైలు కిటికీ దగ్గరకు పోయింది. బయటి మందులు లోపలికి రానివ్వం అన్నారు. లోపల డాక్టరు చూస్తాడన్నారు. పంతొమ్మిదో రోజు రూఫస్ చచ్చిపోయాడు. డాక్టరు ఇంకా చూడలేదు.

తర్వాతి మంగళవారం డెల్ఫీన్ ఆ గదిలో లేచి నిలబడింది.

"రూఫస్‌కు నా అన్నవాళ్ళు లేరు. శనివారం పాస్టర్ పూడ్చిపెడతానన్నాడు. పెట్టెకు ఆరుగురు కావాలి."

లారీలకు సామాన్లు ఎక్కించే కార్నీలియస్ విసుక్కున్నాడు. "కూచో అక్కా. నువ్వు మమ్మల్ని కూడా లోపలికి పంపేట్టున్నావు."

"ఆ ఫోటోలో టోపీ నాది. ఆరో పిడి నాకు రావాల్సింది. నేను జరిగాను, ఆయన పట్టుకున్నాడు."

ముసలి బెర్నిస్ కర్ర నేలకు ఆనించి అంది: "నువ్వొక్కదానివే జరిగావా ఏంటే? నేనసలు ఇంట్లోంచే కదల్లేదు."

"అనుమతి అడుగుదాం" అన్నాడు డేల్. దక్షిణపు పేట తెల్లవాడు, వెల్డరు. "కలవాలంటే ముందుగా కాగితం రాసివ్వాలనేగా షరతు? అందరం రాసిద్దాం."

"పేర్లు రాసిచ్చి మన మెడ మనమే వాళ్ళ చేతికిద్దామా?" అన్నాడు కార్నీలియస్.

"మెడ వాళ్ళ చేతుల్లో ఎప్పుడు లేదురా? దాక్కుంటే ఒక్కొక్కళ్ళనీ ఏరుకుంటారు. నలభై మందీ రాస్తే నలభై మందికీ జవాబు చెప్పాలి" అన్నాడు డేల్.

చాలాసేపు వాదులాడుకున్నారు. ఏడుగురు లేచి దూరంగా పోయి కూర్చున్నారు. వాళ్ళని ఎవరూ ఒక్క మాట అనలేదు. మిగతా ముప్పై ముగ్గురూ ఒక్కొక్కరే లోపలికి పోయి కాగితం ఇచ్చారు. కెస్లర్ అన్నిటి మీదా 'కుదరదు' అని రాసింది. చివర్లో ఆమె చెయ్యి నొప్పి పుట్టి వేళ్ళు విదిలించుకుంది. కార్నీలియస్ కాగితం కూడా అందులో ఉంది.

శనివారం పదకొండు గంటలకు చర్చి ముందు రెండు పోలీసు వ్యాన్లు నిలబడ్డాయి. శ్మశానం రెండు వీధుల అవతల. పెట్టె మెట్లు దిగగానే పోలీసులు మొదటి ఆరుగురి మీద పడ్డారు. ముందే అనుకున్న మాట ఒకటే: పక్కన ఇంకో చెయ్యి పడేదాకా పిడి వదలకూడదు. డేల్‌ను లాగారు. వాడి చేతి పక్కన కార్నీలియస్ చెయ్యి పడింది. రెండో ఆరుగుర్నీ లాగారు. డెల్ఫీన్ వంతు వచ్చింది. రూఫస్ తేలికగా ఉన్నాడు. అంత పెద్ద మనిషి పంతొమ్మిది రోజుల్లో ఇంత చిక్కిపోయాడా అనుకుంది.

"వదులు" అన్నాడు పోలీసు, ఆమె మోచెయ్యి విరిచి పట్టుకుని.

"ఒక్క నిమిషం అయ్యా. మనిషి రానీ."

బెర్నిస్ కర్ర పక్కన పడేసి వచ్చింది. రెండు చేతులతో పిడి పట్టుకుంది. అప్పుడు డెల్ఫీన్ వదిలింది.

వ్యాన్లో తలుపు మూశారు. తల్లికి మధ్యాహ్నం సూప్ ఎవరు పెడతారో, మిగిలిన ఎనిమిదేళ్ళూ లోపలే గడుస్తాయో, తల్లి మొహం మళ్ళీ చూస్తుందో లేదో. డెల్ఫీన్ ఏడ్చింది. ఎదురుగా కార్నీలియస్ కూడా ఏడుస్తున్నాడు. "అన్నా, పోయిరా" అంటున్నాడు, అంతే, అదే మాట.

వ్యాన్ కిటికీ జాలీలోంచి రోడ్డు కనిపించింది. బెర్నిస్ పొట్టి మనిషి, పెట్టె ఆమె వైపుకు ఒరిగింది. ఆగిపోతుందేమోనని డెల్ఫీన్ జాలీకి మొహం ఆనించింది. కాలిబాట మీద నిలబడ్డ గుంపులోంచి ఒకాయన దిగి వచ్చి పెట్టె కింద భుజం పెట్టాడు. మంగళవారం దూరంగా పోయి కూర్చున్న ఏడుగురిలో ఒకాయన. ఆయన వెనక మిగతా ఆరుగురూ వస్తున్నారు.