నలుసావుకు డాక్టరు

తెల్లారి లేస్తానే మునిచంద్ర మొగం కడుక్కోని, గోనెసంచి పరుచుకోని, దాని మీద బోర్లా పండుకోని ఆవుకు పాలు పిండతాడు. పోయినేడు పీట మీద కూసోని పిండేవాడు. ఆ తర్వాత పీట పక్కకు నెట్టి గొంతుక్కూసున్నాడు. ఇప్పుడు పండుకుంటే గానీ పొదుగు అందదు. కింద చెంబు పట్టదు, టీ గ్లాసు పెడతాడు. పాలు మాత్రం ఎప్పటి మాదిరే చిక్కగా ఉండాయి.

ఆవు పేరు నలుసు. పుంగనూరు జాతిది, పుట్టకతోనే పొట్టిది. అయితే ఇది పొట్టితో ఆగలేదు, తగ్గతా వచ్చింది. ముందు మనిషి నడుముకు వచ్చేది, తర్వాత మోకాలికి వచ్చింది, ఇప్పుడు పిల్లి కంటే రవంత పెద్ద. ఊళ్ళో ఎవురూ దాన్ని వింతగా సూడలేదు. "మీ ఆవు తగ్గతాండాది చంద్రా, డాక్టరుకు సూపీ" అన్నారు, ఎద్దు కుంటతాంటే అన్నట్టే. సందేళయితే మునిచంద్ర వాళ్ళమ్మ సిద్ధమ్మ కోళ్ళతో పాటు దాన్ని కూడా గంప కింద మూస్తాది, కుక్కలు ఎత్తకపోకుండా.

మునిచంద్ర పుంగనూరు నుంచి చుట్టుపక్కల పల్లెలకు ఆటో తోలతాడు. మనుషుల్తో మాట్లాడాలంటే వానికి నోరు ఎండిపోతాది. బాడుగ ఇంత అని అడగలేడు, ఎక్కినోళ్ళు ఎంతిస్తే అంత జేబులో పెట్టుకుంటాడు. ఆవుతో మాత్రం బాగా మాట్లాడతాడు. పాలు పిండతా నిన్నటి సంగతులన్నీ దానికి చెప్పేస్తాడు. అది చెవులు ఆడిస్తా ఇంటాది. ఇట్లే తగ్గతా పోతే ఒకనాడు కంటికి కనపడదు, అప్పుడు నేను ఎవురితో చెప్పుకోవాల అని వాని భయం.

"మీ నలుసు కండ్లు సూడు సిద్ధమ్మా, కాటిక పెట్టినట్టుండాయి" అనింది పాలకొచ్చిన పక్కింటి మునీశ్వరి.

"యాడ బాగుండాయిలే. ఎలక్కూన మాదిరి ఉండాది. దండగ్గొడ్డు" అనింది సిద్ధమ్మ టక్కున.

"మీవోడు దాన్ని బిడ్డ మాదిరి సూసుకుంటాడు గదా."

"వీడా? వీడే ఒక పిసరు. దేనికీ పనికిరాడు."

మునిచంద్ర తల వంచుకోని, గ్లాసు ఎత్తుకోని లోపలికి పోయినాడు.

ముందు పుంగనూరు పశువుల ఆస్పత్రికి తీసకపోయినాడు. ఆడ దుడ్లు అడగరు. డాక్టరు మంచాయన. ఆవును ఇనప బోనులో నిలబెట్టమన్నాడు. నలుసు ఒక పక్క నుంచి బోనులోకి పోయి, అడుగు కమ్మీ కింద దూరి ఇంకో పక్క వచ్చి నిలబడింది. దాని చెవికి గవర్నమెంటోళ్ళు ఏసిన పసుప్పచ్చ బిళ్ళ నేల మీద ఈడ్చుకుంటాండాది.

"నా దగ్గరుండే మందులన్నీ పెద్ద గొడ్లవప్పా. ఆ డోసు ఇస్తే ఇది తట్టుకోలేదు" అన్నాడు డాక్టరు, తనే తప్పు చేసినట్టు మొగం పెట్టుకోని. "మదనపల్లెలో కుక్కల్నీ పిల్లుల్నీ సూసే క్లినిక్కు ఉండాది. ఆడ సూపీ."

అని ఊరికే పంపీలేదు. ఆ పెద్ద బిళ్ళ కత్తిరించి తీసేసి, పుండు పడిన చెవికి తన చేత్తో మందు పూసినాడు.

మునిచంద్ర నలుసును గుడ్డ సంచిలో పెట్టుకోని మదనపల్లె బస్సెక్కినాడు. క్లినిక్కులో ఏసీ చల్లగా ఉండాది. స్వెట్టర్లేసుకున్న కుక్కలు కుర్చీల్లో కూసోనుండాయి. కౌంటర్లో ఉండే పాప, "డాగ్గా సార్, క్యాట్టా?" అని అడిగింది.

"ఆవు మేడమ్."

ఆ పాప కంప్యూటర్లో కిందికీ పైకీ ఎతికింది. "ఆవు రావడం లేదు సార్. క్యాట్ అని పెడతాలే, సైజు సరిపోతాది."

డాక్టరు మర్యాదగానే మాట్లాడినాడు. రక్తం తీసినారు, ఎక్స్‌రే తీసినారు, స్కానింగు చేసినారు. దేనికి ఎంతవుతాదో ముందే అడగాలని మునిచంద్ర నాలిక చివరి దాకా వచ్చింది. అడగలేకపోయినాడు. అన్నిటికీ "సరే సార్" అనేసినాడు. చివరికి డాక్టరు, "జబ్బేమీ కనపడలేదు. టానిక్కు రాస్తాండా, నెల నెలా తీసుకోని రా" అన్నాడు. బయటికొచ్చేసరికి ఆటోకు కొత్త టైర్లు ఏపీయాలని దాచిపెట్టుకున్న దుడ్లు అయిపోయినాయి. తప్పు వాళ్ళది కాదు, వాళ్ళ పని వాళ్ళు చేసినారు, అడగనిది నేనే అనుకున్నాడు.

టానిక్కు తాగి కూడా నలుసు తగ్గింది. ఇప్పుడు రెండు చేతుల్లో పడతాది.

ఆ వారం సంతకొచ్చిన బైరెడ్డిపల్లె నారాయణప్ప, గొర్రెలాయన, వాని ఆటో ఎక్కినాడు. మలుపులో ఆటో జారింది.

"ఏమప్పా, నన్ను ఈడనే పూడ్చి పెడతావా? టైర్లు అద్దం మాదిరి అరిగిపోయినాయి గదా!"

మునిచంద్ర రవంత రవంతగా సంగతంతా చెప్పినాడు. నారాయణప్ప తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నోరు లేనోడు నోరు లేని జీవానికి డాక్టరును ఎతుకుతాండావు. నేను చెప్తా ఇను. గొడ్డు మీద చెయ్యి ఎయ్యక ముందే ఎంతవుతాదో చెప్పాల. ఏది అక్కర్లేదో అది కూడా చెప్పాల. అట్లాటి డాక్టరు ఎంత దూరముంటే అంత దూరం పో. బస్సు చార్జీ దండగ కాదు."

"అట్లాటోళ్ళు యాడుండారు పెద్దాయనా?"

"కుప్పంలో ఆదెమ్మ డాక్టరమ్మ ఉండాది. నా గొర్రెలకు ఒక పక్క మందేస్తా, ఒక పక్క నన్ను తిడతాది. మంచి మనిషి."

కుప్పం పోతాండానంటే సిద్ధమ్మ కూడా చీర మార్చుకునింది. "నిన్ను ఒక్కన్నే పంపిస్తే ఈసారి ఆటో కూడా ఇచ్చేసి నడిచి వస్తావు. నేనూ వస్తా పద."

ఆదెమ్మ ఇంటి ముందర రేకుల పంచే ఆస్పత్రి. తల నెరిసిన మనిషి, చీర కొంగు నడుముకు దోపుకోని ఉండాది. సంచిలోకి తొంగి సూసి, చెయ్యి పెట్టకుండానే చెప్పింది.

"సూసేదానికి నూరు రూపాయలప్పా. ఇంకేదన్నా చెయ్యాలంటే ఎంతో ముందు చెప్తా. నువ్వు ఊ అంటేనే చేస్తా. సరేనా?"

అడగకుండానే చెప్పింది. మునిచంద్రకు బండరాయి దించినట్టయింది. మదనపల్లె కాయితాలు ఇస్తే ఆమె అన్నీ నిదానంగా సూసింది. "పరీక్షలు బాగా చేసినారు. మళ్ళీ ఏదీ అక్కర్లేదు. ఆ టానిక్కు కూడా కొనొద్దు, దీనికి ఆకలి బాగానే ఉండాది."

బల్ల మీద నిలబెట్టి నలుసు రొమ్ము చుట్టూ టేపు చుట్టింది. మేకను పట్టుకోని పంచలో కాచుకోనుండే ఒకామె లేచొచ్చి, "అబ్బ, ఎంత ముద్దుగా ఉండాది!" అనింది.

"ఏం ముద్దులేమ్మా, ఎలక్కూన" అనింది సిద్ధమ్మ టక్కున.

ఆదెమ్మ చేతిలో టేపు వదులయింది.

ఆమె టేపును మళ్ళీ బిగించి పట్టుకునింది. "దీని పేరేందమ్మా?"

"నలుసు."

టేపు ఇంకో రవ్వ వదులయింది.

"ఈ పిల్లోడు నీ కొడుకా?"

"నా కొడుకే. ఏం కొడుకులే, పనికిరానోడు."

ఆదెమ్మ ఈసారి టేపును సూడలేదు. బుజాలు లోపలికి ముడుసుకోని గోడకు అంటుకోనుండే మునిచంద్రను కింది నుంచి పైదాకా సూసింది. టేపు చుట్టి జేబులో పెట్టుకునింది.

"దీనికి జబ్బేమీ లేదమ్మా. నీ మాట ఇంటాండాది, అంతే."

సిద్ధమ్మ కొంగుతో మొగం తుడుచుకునింది. తర్వాత ఎవురికో చెప్పినట్టు చెప్పింది.

"వీనికి ముందు ఒక ఆడబిడ్డ పుట్టింది. నిమ్మపండు మాదిరి ఉండేది. నేనే సంకలో ఏసుకోని తిప్పినా, సూడండి నా బిడ్డ ఎంత బాగుండాదో అని. ఊరంతా బాగుందని అన్నారు. జరమొచ్చింది, పోయింది. ఆ పొద్దు నుంచి నావి ఏవీ బాగుండాయని నేను చెప్పను. దిష్టి తగలనీయను."

ఈ సంగతి మునిచంద్ర పుట్టి బుద్ధెరిగినాక ఇనడం ఇదే మొదటిసారి. వాళ్ళమ్మ మొగాన్ని కొత్తగా సూసినాడు.

ఆదెమ్మ కూడా తొందరపడలేదు. ఆమెకు నీళ్ళిచ్చింది.

"దిష్టికి నా దగ్గర మందు లేదమ్మా. అది నీకే బాగా తెలుసు. ఉప్పు, మిరక్కాయలు దిగదీయి, నల్లదారం కట్టు, నొసట చుక్క పెట్టు. అవన్నీ చెయ్యి, నేను వద్దనను. తిట్టేది ఒక్కటి ఆపు. ఇది జీవం, దానికి నీ నోరే తెలుసు."

నూరు రూపాయలు తీసుకునింది. ఇంకో యాభై పెట్టబోతే మునిచంద్ర చెయ్యి మూసేసింది. "ముందే చెప్పినా గదప్పా."

తిరిగొచ్చేటప్పుడు, పుంగనూరు మీద పోయే మదనపల్లె బస్సులో ఇద్దరికీ సీటు దొరికింది. సంచి సిద్ధమ్మ ఒళ్ళో ఉండాది. ఆవును ఒక మంచి మాట అందామని ఆమె నోరు తెరుస్తాది, మూస్తాది. బైరెడ్డిపల్లె కాడ ఎక్కిన ఒకామె పక్కన కూసోని, "సంచిలో ఏముందక్కా, అట్ల కాపాడుకుంటాండావు?" అని అడిగింది.

"ఏముంటాదమ్మా, ఏమీ లేదు" అనేసింది సిద్ధమ్మ.

ఒళ్ళో సంచి బరువు పోయింది.

మునిచంద్ర గబాల్న సంచి తెరిచినాడు. ఖాళీగా ఉండాది. గుడ్డ మడతలన్నీ ఎతికితే, ఒక మూల కుట్టు కాడ చింతగింజంత ఆవు నిలబడుకోనుండాది. సిద్ధమ్మ దాన్ని అరచేతిలోకి తీసుకునింది.

"మా, చెప్పు" అన్నాడు మునిచంద్ర.

"నా నోటికి రాదురా. నువ్వు చెప్పు."

"నేను రోజూ చెప్తానే ఉండా మా. నా మాటకు పెరగలేదు. నీ మాటే దానికి లెక్క." వాడు అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ముందు సీట్లో వాళ్ళు ఎనక్కి తిరిగినారు. "బిన్నా చెప్పు, ఆలస్యం చెయ్యొద్దు. ఇంకోసారి ఊపిరి ఇడిస్తే ఎగిరిపోతాది."

సిద్ధమ్మ కండ్లు మూసుకునింది.

"నీ కండ్లు..." అనింది. "నీ కండ్లు బాగుండాయి తల్లీ. నీ పాలు ఇంట్లో కాస్తే వీధిలోకి వాసన వస్తాది. ఒక్కనాడూ తన్నలేదు. నాకు ఒళ్ళు బాగలేని పొద్దు వాకిట్లోనే నిలబడుకోనుంటివి, మేతకు పోకుండా."

నలుసు ముందు బెల్లం అచ్చంత అయింది, తర్వాత కోడంత. సిద్ధమ్మ కండ్లు తెరవలేదు, ఆపలేదు. ఏండ్ల తరబడి ఆపుకున్నదంతా ఒకటెనక ఒకటి వస్తాండాది. నలుసు ఆమె ఒళ్ళో పట్టలేదు, మునిచంద్ర ఒళ్ళో కూడా పరుచుకునింది, పక్కనామె లేచి సీటిచ్చింది. పలమనేరు దాటినాక కండక్టరు వచ్చినాడు.

"ఏమ్మా, బస్సులోకి ఆవును ఎక్కించినావా?"

"ఎక్కినప్పుడు సంచేప్పా అది" అనింది సిద్ధమ్మ.

"అవును, నేనూ సూసినా. ఇంగ టికెట్టు యాడ కొట్టేది దీనికి? డోరు పట్టేటప్పుడే దిగండమ్మా, తర్వాత దిగలేరు."

గంగవరం కాడ దిగినారు. బస్సులో వాళ్ళంతా కిటికీల్లోంచి చేతులూపినారు, ఒకాయన నలుసుకు అరటిపండు ఇచ్చినాడు. రోడ్డు పక్కన నిలబడుకోనుంటే మదనపల్లె మార్కెట్టుకు టమోటాలు తీసకపోయే బండి ఆగింది. ఎనక బాక్సుల మధ్య నలుసుకు చోటు దొరికింది, ముందర వీళ్ళిద్దరికీ. డ్రైవరు సాయిప్రసాద్ ముచ్చట్లాడే మనిషి.

ఎదురుగాలి కొడతాండాది. మునిచంద్రకు అందరూ ఒకరెనక ఒకరు గుర్తొచ్చినారు. చెవికి మందు పూసిన డాక్టరు. ఇబ్బంది పెట్టకుండా క్యాట్ అని రాసుకున్న పాప. జారే ఆటోలో కూడా దారి చెప్పిన నారాయణప్ప. చెయ్యి మూసేసిన ఆదెమ్మ. వీళ్ళంతా సల్లగా ఉండాల అనుకున్నాడు.

"ఈయన ఎవురు మా, ఒక్క మాటా మాట్లాడడు?" అని అడిగినాడు సాయిప్రసాద్.

బండి ఒక చెరువు కట్ట దాటింది, ఒక మామిడి తోట దాటింది.

"నా కొడుకప్పా" అనింది సిద్ధమ్మ. "చంద్ర. ఒక ఆవు కోసం ఉండే దుడ్లంతా పెట్టి ఊర్లు పట్టుకోని తిరిగినాడు. నేను ఎన్ని తిట్టినా ఎదురు చెప్పలేదు. మెత్తనోడు. ఇట్లాటోడు ఇంకెవురికీ ఉండడు."

మునిచంద్ర రోడ్డు పక్కకు తిరిగి కూసున్నాడు. కండ్లలోకి దుమ్ము పోయిందని తుడుచుకున్నాడు. అంగీ బుజాల కాడ బిగుసుకోని, ఒక కుట్టు పట్ మని తెగింది.

ఇల్లు చేరేసరికి పొద్దు ఇంకా ఉండాది. నలుసు తన కాళ్ళతో తాను నడిచి కొట్టంలోకి పోయింది. గంప అక్కర్లేకపోయింది. మునిచంద్ర సంచి మడిచి చంకలో పెట్టుకోని ఇంట్లోకి పోతాంటే, వాకిలి పైకొయ్య టంగుమని నొసటికి తగిలింది.

సిద్ధమ్మ ఆ నొసట చెయ్యి పెట్టి రుద్దింది. చెయ్యి పైకెత్తాల్సి వచ్చింది ఆమెకు.

"ఇంగ మీద వంగి రావాల నాయనా నువ్వు" అనింది.

ఆ వచ్చే వారం కార్పెంటరు గోపాలస్వామి వచ్చి వాకిలి ఎత్తు చేసినాడు. ఎందుకని అడగలేదు. మునిచంద్రను నిలబెట్టి కొలత తీసుకున్నాడు. ఒకసారి సిద్ధమ్మ నోటి దిక్కు సూసి, ఇంకో జానెడు ఎక్కువే పెట్టినాడు.