బొటనవేలి లెక్క

డాక్టరమ్మకి ఆ పేరు పలక పట్టకముందే వచ్చింది. ఇంటికొచ్చిన చుట్టాల గుండెల మీద గ్లాసు బోర్లించి, దానికి చెవి ఆనించి, "ఫరవాలేదు, బతుకుతారు" అనేదట. ఇప్పుడు పదో తరగతి. నర్సు కావాలో డాక్టరు కావాలో ఇంకా తేలలేదు గానీ, ఆసుపత్రి తప్ప తనకి వేరే లోకం లేదని మాత్రం తేలిపోయింది.

అలాంటప్పుడు పిన్ని కూతురు చిట్టి, ఒకే క్లాసులో ఒకే బెంచీ మీద కూర్చునే చిట్టి, బడిలో పెట్టిన వైద్య సేవల గ్రూపులో తనతోపాటు పేరిచ్చిందంటే ఒళ్ళు మండదూ? మొన్నటిదాకా దానికి ఏమవ్వాలో తెలియదు. ఎందుకే అంటే, "అక్క ఎక్కడికెళ్తే నేనూ అక్కడికే" అని నవ్వేసింది. ఇంట్లో అందరికీ ముద్దొచ్చింది. డాక్టరమ్మకి మాత్రం ముద్ద దిగలేదు.

శనివారాలు గ్రూపు పిల్లల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళేవారు. దుప్పట్లు మార్చడం, జ్వరం చూడడం, నాడి చూడడం హెడ్ నర్సు నేర్పేది. చివర్లో ఒక్కరిని ఎంచి, సెలవులంతా తన వార్డులో పని నేర్పిస్తానంది. ఆ ఒక్క సీటు కోసం డాక్టరమ్మ పుస్తకాన్ని నమిలి మింగేసింది. నిద్రలో లేపి అడిగినా ఎముకల పేర్లు గడగడా చెప్పేది. చిట్టికి అందులో సగం కూడా రావు. కానీ అది మంచం పక్కన నిలబడితే చాలు, మూలుగుతున్నవాళ్ళు కూడా లేచి కూర్చుని కబుర్లు మొదలెట్టేవారు. సూది చూస్తే గోల చేసేవాళ్ళు దాని చెయ్యి పట్టుకుని పొడిపించుకునేవారు. అది చూసి డాక్టరమ్మ కళ్ళల్లో నిప్పులు పోసుకునేది.

ఆఖరి శనివారం. మూల మంచం మీది ముసలాయన నాడి చూసి, మంచానికి వేలాడే కాగితం మీద డెబ్బై అని రాసి చిట్టి పక్క మంచానికెళ్ళింది. డాక్టరమ్మ ఊరుకుంటుందా? అది తప్పు రాసి ఉంటే బాగుండునని ఆమె ఆశ. గబగబా వెళ్ళి ముసలాయన మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టింది. నూట పది! ఆనందం పట్టలేకపోయింది.

"మేడమ్! చిట్టి తప్పు రాసింది. ఈయన గుండె పరిగెడుతోంది!"

వార్డంతా ఇటు తిరిగింది. ముసలాయన బెదిరిపోయి "నాకేమైందమ్మా?" అని లేవబోయాడు. హెడ్ నర్సు వచ్చి ఆయన చెయ్యి అందుకుని నిమ్మళంగా చూసింది.

"డెబ్బయ్యే," అంది. "ఏదీ, నువ్వెలా చూశావో చూపించు."

డాక్టరమ్మ బొటనవేలిని ముసలాయన మణికట్టు మీద అదిమి పెట్టింది.

"బొటనవేల్లో మన నాడే కొట్టుకుంటూ ఉంటుందమ్మా. అందుకే దాంతో చూడం, పక్క వేళ్ళతో చూస్తాం. నువ్వు లెక్కపెట్టింది నీ గుండెని."

ముసలాయన హమ్మయ్య అనుకుని, "అయితే ఈ పిల్లనే పడుకోబెట్టండి," అంటూ పక్కకి జరిగాడు. వార్డంతా నవ్వింది. సీటు చిట్టికిచ్చారు.

బస్సు కోసం ఇద్దరూ నిలబడ్డారు. చిట్టే ముందు నోరు విప్పింది.

"అక్కా, నువ్వు బొటనవేలితో చూస్తున్నావని నాకు ముందునుంచీ తెలుసు."

"మరి చెప్పి చావలేదేం?"

"చెప్తే ఇక నీకు రానిదేముంటుంది? మార్కులు నీకే, మెప్పూ నీకే. ఇంట్లో ఎవరికి తలనొప్పొచ్చినా నిన్నే పిలుస్తారు. నాకూ ఇదే చెయ్యాలని ఉందంటే నవ్వుతారని, నీ వెనకాల వస్తున్నానని చెప్పా. నీ మీద ఎంత ఏడ్చానో నీకేం తెలుసు?"

డాక్టరమ్మకి దాని చెంప పగలగొట్టాలనిపించింది. ఆ వెంటనే, చెప్పుకోడానికి సిగ్గు గానీ, లోపలెక్కడో హాయిగా కూడా అనిపించింది. తన మీద కూడా ఒకరు ఏడ్చారు. అదీ, ఎవరిని చూసి తను కుళ్ళి చస్తోందో ఆ చిట్టే.

"చెప్పకపోవడం నాదే తప్పు," అంది చిట్టి. "సీటు మాత్రం ఇవ్వను."

"ఇవ్వకు," అంది డాక్టరమ్మ. "ఇస్తే సిగ్గులేకుండా తీసేసుకుంటా."