మూత మీద పేరు

నేను ఒక రైస్ కుక్కర్‌ని. కరెంటు మీద నడిచేదాన్ని. ఈల వేసే కుక్కర్లకి కోపం వస్తే వీధి చివరిదాకా వినపడుతుంది. మాకు ఆ భాగ్యం లేదు. ఉడికినంతసేపూ లోపల్లోపలే ఉడికి, చివర్లో టక్కుమని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంటాం. అందుకని మాకు కోపమే రాదనుకుంటారు మనుషులు. నాకు వచ్చింది. వచ్చింది పోలేదు. దాన్నే పగ అంటారట. ఆ పగ ఎవరి మీదో, ఎలా తీర్చుకున్నానో చెబుతాను. తీరాక ఏమైందో కూడా చెప్పాలి గానీ, అది చివర్లో.

పుట్టింది ఒక ఫ్యాక్టరీలో. నా తోటివాళ్ళందరినీ వరసగా నిలబెట్టి, పొట్టలో ఇన్ని నీళ్ళు పోసి, మీట నొక్కి, అది మళ్ళీ పైకి ఎగిరితే చాలు, పెట్టెలో పెట్టి పంపేశారు. అప్పటికి నా మూత నున్నగా ఉండేది. దాని మీద ఎవరి పేరూ లేదు.

పేరు పట్టాభిరామయ్యగారి చలవ. ఆయన నన్ను హైదరాబాదులో ఒక దుకాణంలో కొని, తమ్ముడు శేషు గృహప్రవేశానికి బహుమతిగా ఇచ్చాడు. ఇచ్చేవాడు ఇచ్చినట్టు ఇవ్వచ్చు కదా! పక్క కొట్లో కూర్చోబెట్టి, మిషనుతో నా మూత మీద 'పట్టాభిరామయ్య, హైమవతి దంపతులు' అని చెక్కించాడు. ఆ సూది జరజరా గీస్తుంటే నేను పడ్డ బాధ నాకే తెలుసు. చిన్న అక్షరాలైతే బాగుండదని పెద్దవి వేయించాడు. తీసుకెళ్ళి మరదలు వకుళ చేతిలో పెట్టి, నలుగురూ వినేలా, "ఇకనుంచి నీకు వంట అనేదే తెలీదమ్మా, అన్నీ ఇదే చూసుకుంటుంది" అన్నాడు.

ఆ మాట విని వకుళతో పాటు నేనూ మురిసిపోయాను. ఆ తర్వాత బావగారు ఆదివారం ఆదివారం భోజనానికి రావడం మొదలుపెట్టాడు. కుక్కరుంది కదా, కష్టమేముంది? వండేది వకుళ, పేరు ఆయనది. గిన్నె తోముతూ ఆవిడ ఆ పేరు మీద పీచుతో మరీ గట్టిగా రుద్దేది. అది చెరిగేది కాదు.

ఇక అసలు సంగతి. వకుళ పుట్టి పెరిగింది ఆదోనిలో. సముద్రాన్ని సినిమాల్లో చూడటమే తప్ప ఒక్కసారి కూడా అందులో కాలు పెట్టలేదు. ఒకరోజు పప్పు కడుగుతూ మొగుడితో, "ఏమండీ, తీరం వెంబడే కారులో అలా వెళ్తూ, ఎక్కడ నచ్చితే అక్కడ దిగి నీళ్ళలో నిలబడాలని ఉందండీ" అంది. శేషు మంచివాడే. కాకపోతే ఏ మంచి పని చెయ్యాలన్నా ముందు అన్నగారికి చెబుతాడు. చెప్పాడు. అంతే, ఆ ప్రయాణం బావగారిదైపోయింది. అన్నదమ్ములిద్దరికీ, భార్యలకీ విశాఖపట్నం దాకా విమానం, అక్కడ అద్దె కారు, భీమిలి, కళింగపట్నం, బారువ చూసుకుని మళ్ళీ విశాఖ వచ్చి విమానం ఎక్కడం. అన్నీ ఆయనే నిర్ణయించాడు. "బయటి తిండి నాకు పడదు. కుక్కర్ పెట్టమ్మా" అన్నది కూడా ఆయనే.

అలా నేను విమానం ఎక్కాను. వకుళ నైటీల మధ్యన, పొట్టలో బియ్యం సంచీతో, పైకి కనబడకుండా.

లాడ్జీల్లో గదుల్లో వండకూడదు. తలుపు వెనకాలే రాసి ఉంటుంది. దానికి మన వాళ్ళ దగ్గర ఒక ఉపాయం ఉంది. తువ్వాలు తడిపి తలుపు కింద సందులో కుక్కుతారు, ఆవిరీ వాసనా వరండాలోకి పోకుండా. ఫ్యాను పెద్దది చేస్తారు. టీవీ గట్టిగా పెడతారు. ఇంకొక మనిషి లోపల కాపలా ఉండాలి, ఎవరైనా తలుపు తడితే "స్నానం చేస్తున్నా" అని అరవడానికి. ఆ మనిషి ఎవరో వేరే చెప్పాలా?

భీమిలిలో సాయంత్రం అందరూ చెప్పులు వేసుకున్నారు. వకుళ కూడా వేసుకుంది. మెట్ల దగ్గరిదాకా వెళ్ళింది. వెనకనుంచి బావగారి గొంతు: "అమ్మా వకుళా, బియ్యం నానబెట్టావా? మేం వచ్చేసరికి ఆకలి దంచేస్తుంది." చెప్పులు విప్పి వెనక్కి వచ్చింది. కళింగపట్నంలో గదికి సముద్రం వైపు కిటికీయే లేదు, హోరు మాత్రం వినిపించింది. నేను కుతకుతమంటుంటే, "కాసేపు నోరు ముయ్యవే, అది విననీ" అంది నాతో. నాకేం కోపం రాలేదు. ముయ్యగలిగితే మూసేదాన్నే. బారువలో నా దెబ్బకి ఫ్యూజు పోయింది. చీకట్లో ఆవిడ తడి తువ్వాలు మీద కూర్చుని, సగం ఉడికిన నన్ను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. తిరిగొచ్చిన బావగారు ముద్ద నోట్లో పెట్టుకుని, "పలుకుగా ఉందేమిటి?" అన్నాడు. ఆయన పంచె అంచుకి తడి ఇసుక అంటుకుని ఉంది. నేను పగ పట్టింది అప్పుడే.

మర్నాడు కారు విశాఖ దారి పట్టింది. వకుళ వెనక సీట్లో, నేను ఆవిడ కాళ్ళ దగ్గర. ఆఖరి రాత్రి ఎలా గడపాలన్న మాట అక్కడే వచ్చింది.

"పొద్దున్నే విమానం" అన్నాడు బావగారు ముందు సీట్లోంచి. "బీచి ఎదురుగా హోటల్లో దిగుతున్నాం. శేషూ, నువ్వూ మీ వదినా వెళ్ళి జీడిపప్పు, పూతరేకులు కొనుక్కురండి. నేను పెట్టెలు తూకం వేసుకుంటాను. వకుళ పెరుగన్నం కలిపేస్తుంది. తొందరగా తిని పడుకుందాం."

వకుళ ముందుకి వంగింది. "బావగారూ, ఈ ఒక్క పూటా బయట తిందామండీ. నేను కూడా సముద్రం దగ్గరికి వస్తాను. ఇంతదూరం వచ్చి నీళ్ళలో కాలు పెట్టలేదు."

"తీసుకెళ్దాం లెండి అన్నయ్యా" అని హైమవతి వదినకేసి చూస్తూ శేషు గొణిగాడు. వదిన కిటికీలోంచి బయటికి చూసింది. ఆయన గొణుగుడు ఎప్పుడూ ఇంజను చప్పుడు కంటే చిన్నదే.

బావగారు నవ్వాడు. "పిచ్చిదానా, రేపు విమానంలోంచి చూస్తావుగా! మొత్తం సముద్రం ఒకేసారి కనిపిస్తుంది. కింద నిలబడితే ఏం కనిపిస్తుంది, ఇంత ముక్క." తర్వాత వంగి నా వైపు వేలు చూపించాడు. "అన్నట్టు, ఈ డొక్కు బరువెక్కువ. ముసలిదైంది కూడా. ఈ రాత్రికి వండించేసి అక్కడే వదిలేద్దాం. ఆ బరువుకి సరిపడా జీడిపప్పు పడుతుంది."

నాకు కడుపు మండిపోయింది. ఇన్నేళ్ళు తిని, ఆఖరి ముద్ద కూడా తిని, అప్పుడు పారేస్తాడట! వకుళ పాదం నన్ను ఆనుకుని ఉంది.

"సరే బావగారూ. మీరన్నట్టే చేద్దాం" అంది.

ఆ గొంతు నేను ఎరుగుదును. పీచు పట్టుకుని పేరు రుద్దేటప్పటి గొంతు.

హోటలు కొత్తది, దర్జాగా ఉంది. గది పైకప్పుకి తెల్లగా గుండ్రంగా ఒక బిళ్ళ, అందులో ఎర్రటి దీపం. పొగ వస్తే అరుస్తుందట. శేషు, హైమవతి బజారుకి వెళ్ళారు. వకుళ నన్ను చంకన పెట్టుకుని బావగారి గది తలుపు తట్టింది. "మా గదిలో ప్లగ్గు వదులుగా ఉందండీ. ఇక్కడ పెడతాను." ఆయన కొక్కెం తూనికకి పెట్టె వేలాడదీసి ఆయాసపడుతున్నాడు. "పెట్టు, పెట్టు. నేను స్నానానికి వెళ్తున్నా. తలుపు కింద తువ్వాలు మర్చిపోకు."

ఆయన బాత్రూములోకి వెళ్ళగానే వకుళ నన్ను కిటికీ పక్కనున్న బల్ల మీద, సరిగ్గా ఆ తెల్ల బిళ్ళ కింద పెట్టింది. బియ్యం వేసింది. నీళ్ళు కొలవలేదు, అంచుదాకా పోసింది. పోపు డబ్బాలోంచి ఇంగువ తీసి చెంచాడు గుమ్మరించింది. మూత పెట్టింది, పేరు గుమ్మం వైపు తిరిగేలా. మీట నొక్కింది. తువ్వాలు తీసి, చక్కగా మడతపెట్టి, మంచం మీద ఉంచింది. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

నేను ఒంటరిగా ఉడకడం అదే మొదటిసారి. అంతవరకూ నాకు తెలిసిందల్లా పొంగకుండా జాగ్రత్తగా ఉండటమే. ఆ వేళ ఏ జాగ్రత్తా పడలేదు. బారువలో ఆవిడ కార్చిన కన్నీళ్ళు గుర్తు తెచ్చుకున్నాను. మూత ఎగరేసి గంజి కక్కాను. ఇంగువ ఆవిరి పైకప్పుకి ఎగజిమ్మాను. వరండాలోకి, మెట్ల మీదికి, కింద హాల్లో ఎవరో పెళ్ళివారు కూర్చున్న సోఫాలదాకా పంపించాను. అప్పుడు ఆ తెల్ల బిళ్ళ అరిచింది. నాకు లేని ఈల అది నా తరఫున వేసింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

బావగారు ఒంటినిండా సబ్బు నురగతో, తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చేసరికి గుమ్మం నిండా జనం. మేనేజరు ముందున్నాడు.

"ఏటండి సార్ ఇది? గదుల్లో వంట చెయ్యకూడదని తలుపు మీదే రాసుంది కదండి!"

"మాది కాదు" అన్నాడు బావగారు, పెద్దమనిషి గొంతుతో. "ముందు దిగినవాళ్ళెవరో వదిలేసి పోయినట్టున్నారు. మీరు గది సరిగ్గా చూసుకోవద్దూ?"

మేనేజరు జేబురుమాలుతో నా మూత పట్టుకుని పైకెత్తాడు. దీపం వైపు తిప్పాడు. తాపీగా, అందరికీ వినపడేలా చదివాడు. "పట్టాభిరామయ్య, హైమవతి దంపతులు. తమరి పేరేంటండి?"

పెళ్ళివారిలో ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. పెద్ద అక్షరాలు వేయించినందుకు ఆయనకి ఆ క్షణంలో మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

నేను మాత్రం కిటికీలోంచి చూస్తున్నాను. రోడ్డు దాటి, ఇసుకలో చెప్పులు విడిచి, వకుళ నీళ్ళ దగ్గరికి వెళ్ళింది. మొదటి అల వస్తే వెనక్కి పరిగెత్తింది. రెండోదానికి కదల్లేదు. చీర మోకాళ్ళదాకా తడిసింది. అలా చీకటి పడేదాకా నిలబడింది. ఆవిడ ముఖం నాకు కనపడలేదు, వీపే కనపడింది. ఎన్నో ఏళ్ళుగా రోజూ నా మీదికి వంగిన వీపు అది. నిటారుగా ఉంటే ఎలా ఉంటుందో అప్పుడే చూశాను.

తిరిగి వచ్చేసరికి అందరూ గదిలోనే ఉన్నారు. బావగారు మండిపడుతున్నాడు. "తువ్వాలు ఎందుకు పెట్టలేదు? నిన్ను గదిలో ఉండమన్నానా లేదా?"

"సముద్రానికి వెళ్ళానండీ" అంది వకుళ. "విమానంలోంచి చూస్తే కాళ్ళు తడవవు కదా బావగారూ."

శేషు మొహం తిప్పుకున్నాడు, నవ్వాపుకోలేక. హైమవతి మాత్రం దాచుకోకుండా పకపకా నవ్వింది.

బావగారు నా వైపు తిరిగాడు. నన్ను చూసి, "ఆ కుక్కర్ని ఇక్కడ వదలడానికి వీల్లేదు. నా పేరుంది దాని మీద. పెట్టెలో పెట్టండి" అన్నాడు.

నేను పొంగిపోయాను. గెలిచాం, వకుళా నేనూ. ఇద్దరం కలిసి ఇంటికి పోతాం అనుకున్నాను. ఆవిడ నన్ను రెండు చేతులతో ఎత్తుకుంది. చేతులకి తడి ఇసుక. మెట్లు దిగి, నేరుగా కౌంటరు దగ్గరికి తీసుకెళ్ళి మేనేజరు ముందు పెట్టింది.

"ఇది ఇక్కడే ఉంచుకోండి. నాకిక వద్దు" అంది.

వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. పగ పట్టింది నేనొక్కదాన్నే కాదని నాకు అప్పుడు తెలిసింది. ఆవిడని భీమిలి మెట్ల మీదనుంచి వెనక్కి లాగింది ఒక్క బావగారి గొంతేనా? ఆ గొంతుకి పనిముట్టు నేనే కదా. నేను తోడునని అనుకున్నాను. ఆవిడకి నేను కూడా ఆయన మనిషినే. కోపం వచ్చింది. చాలాకాలం ఉంది. ఆవిడ చేసింది తప్పని అనుకోవడానికి మాత్రం ఎంత ప్రయత్నించినా కుదరలేదు.

ఇప్పుడు నేను ఆ హోటలు కింద, జనం మర్చిపోయిన సామాన్ల గదిలో ఉన్నాను. గొడుగులు, చార్జర్లు, ఒంటి చెప్పులు నా పొరుగువాళ్ళు. ఆ రోజు పొంగిన గంజి తుడిచినవాళ్ళు లేరు. దాని మీద వకుళ చేతి ఇసుక పడి, అలాగే ఎండిపోయి, మూత మీది అక్షరాల్లో గట్టిపడిపోయింది. పట్టాభిరామయ్యగారి పేరు ఇప్పుడు చదవడానికి రాదు.

సముద్రం ఇక్కడికి బాగా వినిపిస్తుంది. నేను నోరు మూసుకుని వింటున్నాను.